ర్యాంపు అధికారులకు మాత్రమే

మా పురపాలక సంఘం కార్యాలయం దొరల కాలం నాటిది. ఏరు పొంగితే ఫైళ్ళు తడుస్తాయని అప్పటి కలెక్టరెవరో అరుగును మనిషెత్తున లేపించాడు. ఆ తరవాత ఏరు అంత ఎత్తున ఎన్నడూ పొంగలేదు. ఫైళ్ళు క్షేమంగా ఉన్నాయి. ఆ ఫైళ్ళలో పేర్లున్న మనుషుల్లో కొందరు మాత్రం మెట్లెక్కి లోపలికి రాలేరు. ఇదొక లోపమని మాలో ఎవరికీ తోచలేదు. లోపలికి రాలేనివాళ్ళు ఫిర్యాదు చెయ్యాలన్నా లోపలికే రావాలి కాబట్టి, అలాంటి ఫిర్యాదు ఒక్కటీ మా రికార్డుల్లో లేదు.

నేను అక్కడ మేనేజర్ని. పైనుంచి వచ్చిన ఉత్తర్వులకు అర్థం చెప్పడం, కిందనుంచి వచ్చిన అర్జీలకు అర్థం లేదని చెప్పడం నా విధి.

ముందుగా హైమావతి సంగతి చెప్పాలి. సరిపెల్ల హైమావతి మా ఊళ్ళో బ్యూటీ పార్లరు నడుపుతుంది. చిన్నతనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి మీద ఊరంతా తిరుగుతుంది. ఆవిడ చేతిలో పనితనం ఉందని పేరు. నోరు కూడా తక్కువది కాదని పేరు. పెళ్ళికూతురు వచ్చి కూర్చోగానే, "ఏడుపు అప్పగింతలప్పుడా, తాళి కట్టేటప్పుడా? ముందే చెప్పమ్మా, దాన్నిబట్టి కాటుక పెడతాను," అనే రకం.

ఆవిడ పార్లరు ఒక అద్దె ఇంటి ముందుగదిలో ఉండేది. ఇల్లుగలాయన దాన్ని పడగొట్టి అపార్టుమెంటు లేపుదామనుకుని ఖాళీ చెయ్యమన్నాడు. సరిగ్గా అప్పుడే మా షాపింగు కాంప్లెక్సులో వికలాంగుల కోటా కింద కింది అంతస్తు గది ఒకటి ఆవిడకు వచ్చింది. ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తే తాళం ఇచ్చేస్తాం. నెలాఖరులోగా చెయ్యకపోతే గది వేలానికి పోతుంది. అయితే ఆ సంతకాన్ని లబ్ధిదారు "కార్యాలయమునందు, కమిషనరు సమక్షమున, స్వయముగా హాజరై" చెయ్యాలి. వికలాంగుల పేరు చెప్పి బినామీలు గదులు కొట్టెయ్యకుండా పెట్టిన నిబంధన అది. వాళ్ళ గదులు వాళ్ళకే దక్కాలని మేము తీసుకున్న జాగ్రత్త.

ఒకరోజు ఉదయం ఆవిడ వచ్చి మెట్ల ముందు బండి ఆపి హారను కొట్టింది. నేను దిగి వెళ్ళాను.

"నమస్కారమండి మేనేజరుగారూ. సంతకానికొచ్చాను."

"పైకి రండమ్మా."

ఆవిడ మెట్లకేసి చూసింది. తరవాత నాకేసి చూసింది. "ఆ కాగితాలిలా తెప్పించండి. ఇక్కడే పెట్టేస్తాను."

"కార్యాలయంలో హాజరవ్వాలండి. ఇది ఆవరణ."

"ఆవరణ కార్యాలయం కాదాండీ?"

"కార్యాలయానిదే. కానీ కార్యాలయం కాదు."

"పోనీ కమిషనరుగారినే ఓసారి దిగి రమ్మనండి. ఆయనకి కాళ్ళున్నాయి కదా."

లోపలికి వెళ్ళి ఆ మాటనే కాస్త మర్యాదగా చెప్పాను. కమిషనరు వామనమూర్తిగారు మంచివాడు. వయసులో చిన్నవాడు. శిక్షణా తరగతులంటే ప్రాణం పెడతాడు, వెళ్ళివచ్చిన ప్రతిసారీ ఏదో ఒక విలువను వెంట తెస్తాడు. ఆ నెల ఆయన సమానత్వం తెచ్చుకున్నాడు.

"చూడండి, ఒకరి కోసం దిగితే అది ప్రత్యేక మర్యాద అవుతుంది," అన్నాడు. "మన మెట్లు పేదవాడికీ ధనవంతుడికీ ఒక్కటే. ఆ సమానత్వాన్ని నా చేతులతో నేను చెడగొట్టలేను. కావాలంటే ఇద్దరు అటెండర్లని పంపించండి, ఆవిణ్ణి ఎత్తి తీసుకొస్తారు."

ఈ మాట చెబితే హైమావతి తల అడ్డంగా ఊపింది. "వద్దండి. ఇదివరకోసారి ఓ ఆఫీసులో అలాగే ఎత్తుకెళ్ళారు. ఎవరో ఫోటో తీసి ఊరంతా పంపించాడు, మానవత్వం ఇంకా బతికే ఉందని. ఆ ఫోటోలో మానవత్వం బాగానే పడిందండి. నా చీరే మోకాళ్ళ పైకుంది." కాస్త ఆగి, "నన్నెవరూ ఎత్తక్కర్లేదండి. దారివ్వండి, నేనే వస్తాను," అంది.

"ర్యాంపు ప్రతిపాదన పరిశీలనలో ఉందమ్మా."

"ఎప్పట్నుంచండి?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ."

ఇది నిజమే. ర్యాంపు కడితే పురాతన భవనం అందం చెడుతుందని ఇంజనీరు జానకిరామయ్యగారు రాశారు. మట్టి పరీక్ష జరగాలని కూడా రాశారు. మట్టి ఎక్కడికీ పోదు కాబట్టి తొందరపడలేదు.

"మళ్ళీ వస్తానండి," అని ఆవిడ బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ వారమే రాజధాని నుంచి ఒక ఉత్తర్వు దిగింది. వికలాంగుల దినోత్సవమును పురస్కరించుకొని ప్రతి కార్యాలయమునందు సహానుభూతి వారోత్సవములు జరపవలెను. ప్రతి అధికారియు, ఉద్యోగియు ఒక వైకల్యమును స్వీకరించి, పని వేళలయందు దానితోనే విధులు నిర్వర్తించి, కలిగిన అనుభూతులను నివేదించవలెను. ఉత్తమ అనుభూతి కనబరచిన కార్యాలయమునకు పురస్కారము ఇవ్వబడును.

వామనమూర్తిగారి ముఖం వెలిగిపోయింది. వెంటనే సమావేశం పెట్టాడు. మొదటి పూటంతా ఆ మనుషుల్ని ఏమని పిలవాలన్న చర్చతో సరిపోయింది. వికలాంగులు అనకూడదని ఒకరు, దివ్యాంగులు అనాలని ఒకరు, ఆ మాట కూడా మారిపోయిందని ఇంకొకరు. చివరికి, పిలిచే సందర్భం రాలేదు కాబట్టి ప్రస్తుతానికి ఏమీ అనవద్దని తీర్మానించాం.

మధ్యాహ్నం వైకల్యాల పంపకం జరిగింది. "క్యాడరు ప్రకారం కేటాయించాను," అన్నాడు కమిషనరు. గెజిటెడ్ అధికారులకు చక్రాల కుర్చీలు. సూపరింటెండెంట్లకు చంకకర్రలు. గుమస్తాలకు కళ్ళగంతలు. అటెండర్లకూ వాచ్‌మన్‌కూ చెవుల్లో దూది. సెక్షన్లలో ఒకటే అలజడి. ఒక సూపరింటెండెంటు, తనకన్నా జూనియరు డిప్యుటేషను మీద గెజిటెడ్ అయిపోయి కుర్చీ కొట్టేశాడనీ, తనకు కర్రలు అంటగట్టడం సీనియారిటీని తొక్కెయ్యడమేననీ అర్జీ పెట్టాడు. గంతలు కట్టుకున్నన్నాళ్ళూ ఓవర్‌టైము కావాలని యూనియను వాళ్ళు పట్టుబట్టారు. మేనేజరు హోదాలో నాకు ఒక చంకకర్ర దక్కింది, ఎడమవైపుది. ప్రమోషను వస్తే రెండోది కూడా ఇస్తారట.

కుర్చీలు చాలకపోతే ఊళ్ళో ఆసుపత్రికి కబురుపెట్టి ఉన్నవన్నీ తెప్పించాం. ఆ వారం అక్కడ రోగుల్ని బంధువులే చేతుల మీద వార్డుకీ ఎక్స్‌రే గదికీ తిప్పారు. ఆ విధంగా సహానుభూతి ప్రజల్లోకి కూడా వెళ్ళింది.

సోమవారం ఉదయం కమిషనరు కారు దిగి అందరి ఎదుటా చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. దండ వేశారు. ఫోటోలు తీశారు. అటెండరు కుర్చీ తోసుకుంటూ భవనం దాకా వచ్చి ఆగిపోయాడు.

"ఏమిటిది?" అన్నాడు వామనమూర్తిగారు.

"మెట్లండి," అన్నాను.

"ఇదివరకు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయండి."

ఆయన మెట్లను కిందనుంచి పైదాకా చూశాడు. రోజూ ఎక్కుతూనే ఉన్నా, వాటిని ఆ ఎత్తునుంచి చూడటం ఆయనకిదే మొదలు. "మరి కుర్చీలో ఉన్న మనిషి లోపలికెలా వెళ్తాడు?"

పక్క కుర్చీలో ఉన్న ఇంజనీరు జానకిరామయ్యగారు, "వెళ్ళడండి," అన్నారు.

"ఇది అమానుషం," అన్నాడు కమిషనరు. "ఒక మనిషిని ఇంతసేపు ఎండలో బయట నిలబెడతారా? అంటే, కూర్చోబెడతారా? ఇన్నేళ్ళూ ఈ ఆఫీసులో ఎవరికీ మనసే లేదా?"

ర్యాంపుకి అక్కడికక్కడే అనుమతి అయిపోయింది. పురాతన భవనం అందం మాటేమిటని నేను గుర్తుచేశాను. అందం లోపలున్నవాళ్ళకి ఎలాగూ కనబడదని జానకిరామయ్యగారు రాసిచ్చారు. మట్టి పరీక్ష కూడా కుర్చీలోంచి వంగి చూసి ముగించారు. మట్టి బాగానే ఉంది. షామియానా కొట్టు నుంచి స్టేజీ చెక్కలు, ఇనప గొట్టాలు వచ్చాయి. మధ్యాహ్నానికల్లా మెట్ల పక్కన ఒక బండి పట్టేంత వెడల్పున వాలు తయారైంది. దాని మీద పచ్చ తివాచీ కూడా పరిచారు. అంతవరకూ కమిషనరు వేపచెట్టు కింద కుర్చీలోనే ఉన్నాడు. లేచి నడిచి వెళ్ళొచ్చు కదా అని ఎవరూ అనలేదు. నియమం నియమమే.

మర్నాడు సంచులు మోసుకుని ఒక ముసలమ్మ, చంటిపిల్లని ఎత్తుకుని ఒక తల్లి ఆ వాలు మీదుగా ఎక్కి వచ్చేశారు. చెక్కలు అరిగిపోతాయని ఇంజనీరుగారు భయపడ్డారు. దాంతో నేను బోర్డు రాయించాను. "ఈ ర్యాంపు వారోత్సవములలో పాల్గొను అధికారుల వినియోగార్థము మాత్రమే. ప్రజలు మెట్లను ఉపయోగించవలెను."

లోపల వారోత్సవాలు చక్కగా సాగుతున్నాయి. బిల్లుల సెక్షనులో గుమస్తాలు గంతలు కట్టుకుని ఒకరి బిల్లు మీద ఇంకొకరి ముద్ర వేస్తున్నారు. ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చున్న అటెండరు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. అక్కడ ప్రజలెవరూ తేడా గమనించలేదు.

బుధవారం హైమావతి వచ్చింది.

గేటులోంచి ర్యాంపుని చూడగానే ఆవిడ బండి ఆగిపోయింది. తరవాత గబగబా వచ్చి, చేతిసంచి సర్దుకుని, తివాచీ మీదికి చక్రం ఎక్కించబోతుంటే వాచ్‌మన్ అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టాడు.

"బ్యాడ్జీ చూపించండమ్మా."

"ఏం బ్యాడ్జీ?"

"ఆఁ?"

"ఏం బ్యాడ్జీ అంటున్నాను."

"గట్టిగా చెప్పాలండి. చెవుల్లో దూదుంది."

నేను కర్ర తాటించుకుంటూ వెళ్ళాను. ఆవిడ నా చంకకర్రని చూసి కంగారు పడింది. "అయ్యో, ఏమైందండీ కాలికి?"

"ఏం కాలేదమ్మా. సహానుభూతి." విషయం వివరించాను. ర్యాంపు పాల్గొనేవాళ్ళకి మాత్రమేనని చెప్పాను.

"నేను వికలాంగురాలినే కదండీ," అంది.

"మీది శాశ్వతం కదమ్మా. ఈ ఏర్పాటు తాత్కాలిక వికలాంగులకి."

"అయితే నన్నూ చేర్చుకోండి, ఈ వారానికి."

ఉత్తర్వు తీసి చూశాను. పాల్గొనువారు సాధారణ వ్యక్తులై ఉండవలెనని స్పష్టంగా ఉంది. ముందే అనుభవం ఉన్నవాళ్ళకి కొత్తగా అనుభవం కలిగించడం సాధ్యం కాదు కాబట్టి వాళ్ళు అనర్హులు. అదే చెప్పాను. ఆవిడ నా కర్ర కొననే చూస్తూ కూర్చుంది.

ఇంతలో కమిషనరు కారు వచ్చింది. ఆయన కుర్చీలోకి మారి, ర్యాంపు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బండీ ఆయన కుర్చీ ఎదురెదురయ్యాయి. ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. వామనమూర్తిగారికి ఆవిడ మీద ఒక్కసారిగా ఆత్మీయత పుట్టుకొచ్చింది.

"మీరు నమ్మరమ్మా, సోమవారం నుంచి ఎంత నలిగిపోయానో," అన్నాడు. "మంచినీళ్ళ కూజా అందదు. బాత్రూము గుమ్మంలో కుర్చీ పట్టదు. జనం నాతో మాట్లాడకుండా కుర్చీ తోసేవాడితో మాట్లాడతారు. సారు టీ తాగుతారా అని వాణ్ణి అడుగుతున్నారు, నేను ఎదురుగా ఉండగానే."

"అవునండి. అడుగుతారు."

"అనుభవిస్తేగానీ అర్థం కాదమ్మా ఈ బాధ. మీకెలా చెప్పాలో కూడా తెలియట్లేదు."

"బాత్రూముకి మరి ఎలా వెళ్తున్నారండి?"

ఆయన కాస్త గొంతు తగ్గించాడు. "లేచి వెళ్తున్నానమ్మా. దాన్ని మినహాయింపు కింద పెట్టుకున్నాం."

"నేను బయటికెళ్ళే రోజు పొద్దుట్నుంచీ నీళ్ళు తాగనండి," అంది హైమావతి. "ఎక్కడికెళ్ళినా అంతే. ఎండాకాలం పెళ్ళిళ్ళకెళ్ళినప్పుడు కళ్ళు తిరుగుతాయి. పెళ్ళికూతురు తల పట్టుకునే నేను కూడా నిలదొక్కుకుంటాను."

కమిషనరు కళ్ళు చెమ్మగిల్లాయి. నా వైపు తిరిగి, "రాసుకోండి ఇది. అనుభూతుల నివేదికలో చాలా బాగుంటుంది," అన్నాడు. "నా పేరు కింద వెయ్యండి."

"సంతకం సంగతండి," అంది ఆవిడ. "శుక్రవారంతో నెలాఖరు. నన్ను పైకి రానివ్వండి, ఒక్క నిమిషం పని."

"వారోత్సవాలు ముగిశాక ప్రత్యేకంగా పరిశీలిద్దాం."

"అప్పటికి ఈ ర్యాంపు ఉంటుందాండీ?"

వెనక కుర్చీలో వచ్చిన జానకిరామయ్యగారు అందుకున్నారు. "ఎలా ఉంటుందమ్మా? ఆదివారం షామియానా వాళ్ళకి పెళ్ళుంది. చెక్కలు తిరిగివ్వాలి."

"తెలుసండి. ఆ పెళ్ళికూతురు నా దగ్గరికే వస్తుంది," అంది ఆవిడ.

కమిషనరు కుర్చీ ర్యాంపు ఎక్కింది. దాని వెనక ఇంజనీరుగారి కుర్చీ. అప్పలకొండ అటెన్షనులో నిలబడి సెల్యూట్ కొట్టాడు. అతను చెయ్యి దించేసరికి మూడో బండి కూడా ర్యాంపు మీద ఉంది. చెవుల్లో దూది ఉండబట్టి మోటారు చప్పుడు వినబడలేదు. పరుగెత్తుకుని మెట్ల మీంచి వెళ్ళి ర్యాంపు పై కొసన అడ్డంగా నిలబడ్డాడు. హైమావతి సగం వాలులో ఆగింది. బ్రేకు వేసి, తాళంచెవి తీసి చేతిసంచిలో పడేసుకుంది.

"సరేనండి. ఇక్కడే ఉంటాను," అంది.

పనిలో పడి ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ ఎండలో కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. మధ్యాహ్నం భోజనం గంట మోగింది. అధికారులు ఒక్కొక్కరే కుర్చీలు దొర్లించుకుంటూ వరండాలోకి వచ్చి, ర్యాంపు పై కొసన ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. కిందికి దారి లేదు.

"కాస్త తప్పుకోమ్మా," అన్నారు జానకిరామయ్యగారు.

"ఎటు తప్పుకోనండి? పైకి రానివ్వట్లేదు. కిందికి దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు."

కమిషనరు ముందుకు వచ్చాడు. ఆకలితో ఉన్నా ఆయన మర్యాద వదల్లేదు. "చూడండి, మీవల్ల ఇంతమందిమి లోపల చిక్కుకుపోయాం. మీకు న్యాయంగా ఉందా? కుర్చీల్లో ఉన్న మనుషులం. మా ఇబ్బంది కాస్త అర్థం చేసుకోండి."

"అర్థమవుతోందండి," అంది ఆవిడ.

ఇంజనీరుగారు మెల్లిగా నన్ను పిలిచి, "మేనేజరుగారూ, పని వేళల్లో కదా వైకల్యం? భోజన విరామం పని వేళల్లోకి వస్తుందా?" అని అడిగారు.

నా ఉద్యోగంలో ఎన్నో ఉత్తర్వులకు అర్థం చెప్పాను. అందరూ నా నోటివైపు చూడటం మాత్రం అదే మొదటిసారి. ఉత్తర్వు మరోసారి చదివి, "రాదండి," అన్నాను.

అయినా ఎవరూ కదల్లేదు. ముందు ఎవరు లేవాలన్నది తేలలేదు. జానకిరామయ్యగారింట్లో ఆ రోజు కొరమీను కూర. ఆయన కుర్చీకి బ్రేకు వేసి, లేచి నిలబడి, ప్యాంటు దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా చకచకా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన వెనక ఇంకొకరు లేచారు. తరవాత అందరూ లేచారు. సూపరింటెండెంట్లు కర్రలు గోడకి ఆనించి దిగారు. గుమస్తాలు గంతలు నుదుటి మీదికి తోసుకుని దిగారు. దిగుతున్నంతసేపూ చెప్పుల చప్పుడు ఒక్కటే వినబడింది.

చివరికి కమిషనరు మిగిలాడు. ఆయన హైమావతికేసి చూశాడు. ఆవిడ తన చేతుల్లోకి చూసుకుంటోంది. ఆయన లేచాడు. మెట్లు దిగుతూ ఆవిడ పక్కకి వచ్చేసరికి అడుగు నెమ్మదించింది. ఏదో చెప్పాలనుకున్నట్టున్నాడు.

"భోంచేసి వస్తాను," అన్నాడు.

"వెళ్ళి రండి," అంది ఆవిడ.

వరండాలో ఖాళీ కుర్చీలు వరసగా మిగిలాయి. ఇంతసేపూ మాటకి మాట అంటించిన మనిషి, వాటిని చూస్తూ అలా ఉండిపోయింది. "ఎంత సులువుగా లేచారండీ," అంది, నాతోనో తనతోనో. నా చేతిలో కర్ర ఇంకా ఉందని అప్పుడు గమనించి గోడకి ఆనించాను.

అప్పలకొండ చెవుల్లోంచి దూది తీశాడు. "నాకూ లంచేనండి," అని పక్కకి జరిగి మెట్లు దిగిపోయాడు.

హైమావతి సంచిలోంచి తాళంచెవి తీసి బండి కదిలించింది. మిగతా సగం వాలూ ఎక్కి, ఖాళీ కుర్చీల మధ్యనుంచి జాగ్రత్తగా తిప్పుకుంటూ లోపలికి వచ్చింది. ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి, పురపాలక సంఘం ఆఫీసు లోపలెలా ఉంటుందో అప్పుడే చూడటం. బీరువాలు, ధూళి పట్టిన ఫైళ్ళు, పంఖా కింద ఎగురుతున్న కాగితాలు. ఒక చుట్టు చూసి, "ఇంతేనాండీ లోపల?" అంది.

కమిషనరు తిరిగి వచ్చేసరికి ఆవిడ ఆయన గదిలో బల్లకి ఎదురుగా ఉంది. ఫైలు తీసి బల్ల మీద పెట్టి ఉంచాను. ఆయన గుమ్మంలో ఆగి, గుర్తొచ్చి బయటికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని మళ్ళీ లోపలికి వచ్చాడు. ఫైలు చదివాడు. కార్యాలయమునందు, సరే. కమిషనరు సమక్షమున, సరే. స్వయముగా, సరే. అన్నీ కుదిరిపోయాయి. ఆయనకే ఏమీ పాలుపోలేదు.

"కానీ ఈవిడ అనధికార మార్గంలో వచ్చారు," అన్నాడు.

"మార్గం గురించి నిబంధనలో లేదండి," అన్నాను. నిజంగానే లేదు. కార్యాలయంలోకి రాలేనివాళ్ళు ఎలా వస్తారో రాయాలని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఆవిడ సంతకం చేసింది. ఆయన చేశాడు. చేశాక ఆయనకి మనసు తేలికపడినట్టుంది. ఫోటోగ్రాఫర్ని పిలవమన్నాడు.

"ఫోటో వద్దండి," అంది హైమావతి. "తాళం ఇప్పించండి."

శుక్రవారం ముగింపు సభ జరిగింది. ర్యాంపు చెక్కలు విప్పి ఆవరణలో స్టేజీ వేశారు. ప్రతి అధికారీ తన అనుభూతి చెప్పాడు. వామనమూర్తిగారు నీళ్ళు తాగకుండా పెళ్ళిళ్ళకెళ్ళే బాధ గురించి మాట్లాడుతుంటే సభలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆఖర్న ఆయన కుర్చీలోంచి లేచి నిలబడగానే చప్పట్లు మారుమోగాయి. ఫోటోలు చూసి రాజధాని వాళ్ళు పురస్కారం మాకే ఇచ్చారు. ఆ ఫలకాన్ని మెట్లెక్కాక ఎడమచేతి గోడకి బిగించాం. ర్యాంపు ప్రతిపాదన మళ్ళీ పరిశీలనకు వెళ్ళింది. "ప్రస్తుతము కార్యాలయమున చక్రాల కుర్చీ వాడువారెవరును లేరు" అని ఇంజనీరుగారు దాని మీద రాశారు.

హైమావతి కొత్త గదిలో పార్లరు పెట్టుకుంది. గది కింది అంతస్తే గానీ గుమ్మం ముందు ఒక గట్టు ఉంది. ఆవిడ తాపీమేస్త్రిని పిలిపించి సిమెంటు వాలు పోయించుకుంది. అది పక్క కొట్లకి కూడా పనికొచ్చింది. గ్యాసు బండలు దొర్లించుకెళ్ళేవాడు, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, పిల్లల బండి తోసుకొచ్చే తల్లులు అందరూ దాని మీదే ఎక్కుతారు.

రెండు నెలలు తిరక్కుండానే మా ఇంజనీరింగు విభాగం నోటీసు తయారుచేసింది. పాదచారుల రాకపోకలకు ఆటంకము కలిగించుచున్న వాలు కట్టడమును వెంటనే తొలగించవలెను, లేనిచో గది కేటాయింపు రద్దుచేయబడును. నోటీసును మేనేజరు స్వయంగా అందజేసి సంతకం తీసుకోవాలి.

వెళ్ళాను. పార్లరు కిటకిటలాడుతోంది. కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టుకుని కమిషనరుగారి భార్య వెనక్కి వాలి ఉంది. కనుబొమలకి దారం పట్టించుకుంటున్న మా ఆవిడ నన్ను అద్దంలో చూసి, మొగుడు పార్లరుకొచ్చాడని సిగ్గుపడింది. హైమావతి పని ఆపి నోటీసు అందుకుని చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఇది పగలగొడితే నేను నా షాపులోకి ఎలా రావాలండీ?" అని మెల్లిగా అడిగింది.

దారం పట్టిన అమ్మాయి చెయ్యి ఆగింది. మా ఆవిడ అద్దంలోంచి నా ముఖంలోకి చూస్తోంది.

"మీరింకా సంతకం పెట్టలేదు కదా," అన్నాను.

"లేదండి."

"అయితే మీకు అందనట్టే." కాగితం ఆవిడ చేతిలోంచి తీసుకుని బయటికి వచ్చి, వెనకవైపు రాశాను. "షాపు తాళము వేసియున్నందున నోటీసు అందజేయుట సాధ్యపడలేదు."

అప్పట్నుంచి ఇంజనీరింగు వాళ్ళు ప్రతి నెలా పంపిస్తున్నారు. ప్రతి నెలా నేను వెళ్తున్నాను.

"మీరెప్పుడెళ్ళినా తాళమేనేమిటండీ?" అన్నారు ఒకసారి జానకిరామయ్యగారు.

"ఏం చెయ్యమంటారండి, ఆవిడ దొరకదు," అన్నాను.

పోయిన నెల వెళ్ళేసరికి పెళ్ళిళ్ళ సీజను. లోపల పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ అక్కలు, అత్తలు, నిలబడటానికి చోటు లేదు. వాలు మీదే ఆగి, కాగితం మోకాలి మీద పెట్టుకుని "తాళము వేసియున్నందున" అని రాస్తున్నాను. వెనకనుంచి పిల్లల బండి తోసుకొస్తున్న ఒకమ్మాయి, "కాస్త జరుగుతారాండీ, దారికడ్డంగా ఉన్నారు," అంది.

జరిగాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళాక మిగతా వాక్యం పూర్తిచేశాను.